మాథ్యూ లయన్: హీరోనా, రౌడీనా? (ప్రాజెక్టుకి సాయం కావాలి)

డల్లాస్_నాన్న
మావాడి ఎనిమిదో తరగతి హిస్టరీ ప్రాజెక్టు నా మెడకి చుట్టుకుంది. తొలినాళ్ల అమెరికా కాంగ్రెస్ సభ్యుల్లో ఒకరి రాజకీయ జీవితం గురించి రాయాలట. చీటీ తీస్తే వీడికి మాథ్యూ లయన్ వచ్చాడు. ఎక్కడ వెతికినా ఒకటే కథ. 1798లో సభలో తోటి సభ్యుడి మొహం మీద ఉమ్మాడు, తర్వాత ఇద్దరూ కొట్టుకున్నారు. "వీడు విలనా నాన్నా?" అని అడుగుతున్నాడు. రాష్ట్ర సభ, జాతీయ సభ కలిపి పాతికేళ్లకు పైగా ఉన్న మనిషి గురించి ఉమ్ము తప్ప చెప్పుకోడానికేమీ లేదా? నాకు వాషింగ్టన్, లింకన్ తప్ప ఎవరూ తెలీదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గోళీసోడా
ఉమ్మింది ఒక్కసారే కదా. మన సభల్లో విరిగిన మైకులకి లెక్కుందా?

కృష్ణలంక_కుర్రాడు
2014 ఫిబ్రవరిలో లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టింది మనవాళ్లే. ఈ విషయంలో మనం ఎవరికీ తీసిపోం.

పాతకాగితం
ఉమ్ము కథే సగం చెప్తారు, అందుకే విలన్‌లా కనిపిస్తాడు. ముందు అది పూర్తిగా వినండి.

అప్పుడు రాజధాని ఫిలడెల్ఫియా. 1798 జనవరి 30. బ్లౌంట్ అనే సెనేటర్ అభిశంసన తాలూకు ఓటింగ్ నడుస్తోంది. సభ్యులు అటూ ఇటూ తిరుగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. లయన్ వెర్మాంట్ సభ్యుడు, ప్రెసిడెంట్ ఆడమ్స్‌కి ప్రత్యర్థి అయిన జెఫర్సన్ వైపు మనిషి. స్పీకర్ డేటన్‌తో మాట్లాడుతూ, కనెక్టికట్ సభ్యులు సొంత జనాన్ని మోసం చేస్తున్నారని, తను అక్కడికెళ్లి ఒక పత్రిక పెడితే ఆ జనం తన వైపు తిరుగుతారని అందరికీ వినపడేలా అన్నాడు. కనెక్టికట్ సభ్యుడు రోజర్ గ్రిస్‌వోల్డ్ పక్కనే ఉన్నాడు. "వస్తే నీ చెక్క కత్తి కట్టుకుని వస్తావా?" అని ఎద్దేవా చేశాడు.

ఈ చెక్క కత్తే అసలు పుండు. స్వాతంత్ర్య యుద్ధంలో, 1776లో, లయన్ ఉన్న దళాన్ని శత్రువుకి దగ్గరగా ఒక మారుమూల చోట కాపలా పెట్టారు. సైనికులు భయపడి వెనక్కి వచ్చేశారు. జనరల్ గేట్స్ ఆ ఆఫీసర్లందరినీ పిరికితనం కింద ఉద్యోగాల్లోంచి తీసేశాడు. లయన్‌తో చెక్క కత్తి కట్టించి ఊరేగించారని తర్వాత ప్రత్యర్థులు కథ అల్లారు. సైనికుల్ని ఆపబోయింది తనేనని లయన్ జీవితాంతం చెప్పుకున్నాడు. తర్వాత సైన్యం అతన్ని మళ్లీ తీసుకుంది కూడా.

మొదటిసారి లయన్ పట్టించుకోలేదు. గ్రిస్‌వోల్డ్ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని, అదే మాట మళ్లీ అన్నాడు. అప్పుడు పడింది ఉమ్ము.

నిజం_చేదు
రెచ్చగొడితే ఉమ్మేస్తారా? సభలో లక్ష మాటలంటారు.

పాతకాగితం
@నిజం_చేదు ఒప్పని నేనలేదు. సభ కూడా ఒప్పని అనలేదు. బహిష్కరించాలని ఫిబ్రవరి 12న ఓటింగ్ పెడితే 52 మంది అవునన్నారు, 44 మంది కాదన్నారు. మూడింట రెండొంతులు కావాలి కాబట్టి బతికిపోయాడు.

గోళీసోడా
ఆ 44 మందీ ఉమ్ము పార్టీయేనా?

పాతకాగితం
దాదాపు అంతే. ఓట్లు పార్టీ లెక్కన చీలాయి. ఇక గ్రిస్‌వోల్డ్ ఊరుకున్నాడా? ఫిబ్రవరి 15న హిక్కరీ కర్ర పట్టుకొచ్చి, బల్ల దగ్గర కూర్చున్న లయన్‌ని తలమీదా భుజాలమీదా బాదాడు. లయన్ ఎలాగో బల్ల వెనక నుంచి బయటపడి, నిప్పుగూడు దగ్గరున్న పట్టకారు అందుకున్నాడు. ఇద్దరూ కిందపడి దొర్లారు. సభ్యులు గ్రిస్‌వోల్డ్ కాళ్లు పట్టి లాగాల్సొచ్చింది. ఇద్దర్నీ బహిష్కరించాలన్న తీర్మానం కూడా వీగిపోయింది.

ఫిల్లీ_పద్మ
ఆ గది ఇప్పటికీ ఉంది. ఇండిపెండెన్స్ హాల్ పక్కనే, ఛెస్ట్‌నట్ వీధి, ఆరో వీధి మూలలో కాంగ్రెస్ హాల్. కింద ప్రతినిధుల సభ, పైన సెనేట్. మా అత్తగారిని, మామగారిని తీసుకెళ్లాను. ఎంత చిన్న గదో! అంత ఇరుకులో వందకు పైగా మంది కూర్చుంటే గొడవలు రాకేం చేస్తాయి? మామగారు గైడు చెప్పిందంతా విని "మన సర్పంచ్ ఎన్నికే నయం" అన్నారు.

డల్లాస్_నాన్న
ఇది బాగుంది, మావాడికి నచ్చుతుంది. కానీ ప్రాజెక్టులో "కెరీర్" ఉండాలట. అసలు ఈయన ఎక్కణ్నుంచి వచ్చాడు?

బర్లింగ్టన్_చలి
మా రాష్ట్రం మనిషి కాబట్టి నేను చెప్తా. పుట్టింది ఐర్లండ్‌లో, విక్లో కౌంటీ, 1749. డబ్లిన్‌లో ప్రింటింగ్ పని నేర్చుకుంటూ, కుర్రతనంలోనే 1765లో ఓడెక్కాడు. ఛార్జీకి డబ్బుల్లేవు. దిగాక ఎవరో ఒకరు ఆ డబ్బు కడితే, వాళ్ల దగ్గర కొన్నేళ్లు ఊడిగం చెయ్యాలి. అలా కనెక్టికట్‌లో ఒకతని కింద చేరాడు. అతను ఈయన్ని ఇంకొకరికి ఒక జత ఎడ్లకి అమ్మేశాడు. పెద్దయ్యాక లయన్ దీన్ని దాచుకోలేదు. ఒట్టేసేటప్పుడు "నన్ను విడిపించిన ఆ ఎడ్ల మీద ఒట్టు" అనేవాడట.

1774లో ఇప్పటి వెర్మాంట్‌కి వచ్చాడు. అప్పటికి అది రాష్ట్రం కాదు. న్యూయార్క్, న్యూ హాంప్‌షైర్ రెండూ మాదంటే మాదని కొట్టుకుంటున్న భూములు. 1777లో వెర్మాంట్ ఎవరికీ చెందనని సొంతంగా రిపబ్లిక్ అయింది, 1791లో గానీ యూనియన్‌లో చేరలేదు. లయన్ 1779లో అక్కడి సభలోకి వచ్చి, చిన్న విరామాలు తప్పిస్తే 1796 దాకా ఉన్నాడు. అంటే ఆయన చట్టసభ జీవితంలో మొదటి భాగం ఒక రాష్ట్రానికి కాదు, సొంతంగా నిలబడ్డ ఒక చిన్న దేశానికి. మీవాడు ఈ పాయింట్ రాస్తే టీచర్‌కి నచ్చుతుంది.

1783లో ఫెయిర్ హేవెన్ అనే ఊరు పెట్టినవాళ్లలో ఒకడు. ఇనుము పని, రంపపు మిల్లు, కాగితం మిల్లు. గుడ్డపీలికలు దొరక్కపోతే బాస్‌వుడ్ చెట్టు బెరడుతో కాగితం చేశాడు. 1793లో ప్రెస్సు పెట్టి పేపరు నడిపాడు. ఆ ఊరి మీదుగా కారులో వెళ్తుంటాను, ప్రశాంతమైన చిన్న ఊరు. ఇలాంటి మొరటు మనిషి పెట్టిన ఊరంటే నమ్మలేం.

హెచ్1_హనుమంతు
ఎడ్ల కథ చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను వచ్చిన కొత్తలో ఒక కన్సల్టెన్సీ నాతో బాండ్ రాయించుకుంది. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అని. నా విలువ ఎన్ని ఎడ్లో అప్పట్లో లెక్క వేసుకోలేదు.

గోళీసోడా
@హెచ్1_హనుమంతు ఒంగోలువైతే సగం ఎద్దుకి వస్తావు.

నిజం_చేదు
ఈ ఆరాధన కాస్త ఆపితే మిగతా సగం చెప్తా. వెర్మాంట్‌లో యుద్ధ సమయంలో బ్రిటన్ పక్షంవాళ్ల భూములు జప్తు చేశారు. ఆ జప్తు కోర్టుకి గుమస్తా ఈ లయనే. రికార్డులు అప్పగించమంటే ఇవ్వనన్నాడు, 1785లో అభిశంసన అయ్యాడు. మొదటి భార్య వెర్మాంట్ నాయకుడు ఈథన్ అలెన్ బంధువుల అమ్మాయి. ఆవిడ పోయాక గవర్నర్ థామస్ చిట్టెండెన్ కూతుర్ని చేసుకున్నాడు. ఊడిగం చేసినవాడు అన్నది నిజమే, కానీ కాంగ్రెస్‌కి వచ్చేనాటికి మిల్లుల యజమాని, గవర్నర్ అల్లుడు. "పేదవాడి గొంతు" అని నెత్తిన పెట్టుకునే ముందు ఇవన్నీ చూడాలి.

బర్లింగ్టన్_చలి
@నిజం_చేదు ఇవన్నీ నిజమే. అయినా ఫిలడెల్ఫియాలో ఆయన్ని ఎడ్లకి అమ్ముడుపోయిన ఐరిష్‌వాడిగానే చూశారు. గవర్నర్ అల్లుడని ఎవరూ కుర్చీ వెయ్యలేదు. కాంగ్రెస్‌కి కూడా తేలిగ్గా రాలేదు. రెండు ఎన్నికల్లో ఓడాడు, మూడోదాంట్లో ఓడి ఫలితం చెల్లదని పోరాడి అక్కడా ఓడాడు. 1796 ఎన్నికలో గెలిచి 1797లో సభలో అడుగుపెట్టాడు. వచ్చీరాగానే ఒక పని చేశాడు. ప్రెసిడెంట్ ప్రసంగానికి జవాబు పట్టుకుని సభ్యులంతా ఊరేగింపుగా ఆడమ్స్ ఇంటికెళ్లి అందజేసే ఆచారం ఉండేది. ఇదంతా రాజుల పద్ధతి, నన్ను మినహాయించండి అని లేచి అడిగాడు. ఫెడరలిస్టులు, అంటే ఆడమ్స్ పార్టీవాళ్లు, పగలబడి నవ్వారు.

వకీలు_నంద్యాల
అసలు కథ ఇంకా మొదలే కాలేదు. 1798 జులై 14న రాజద్రోహ చట్టం మీద ఆడమ్స్ సంతకం పెట్టాడు. ప్రభుత్వాన్ని, కాంగ్రెస్‌ని, ప్రెసిడెంట్‌ని అపఖ్యాతి పాలు చేసేలా అబద్ధాలు రాస్తే రెండేళ్ల దాకా జైలు, రెండు వేల డాలర్ల దాకా జరిమానా. ఇందులో తమాషా చూడండి. వైస్ ప్రెసిడెంట్‌ని తిడితే నేరం కాదు, ఎందుకంటే ఆ కుర్చీలో ఉన్నది ప్రత్యర్థి జెఫర్సన్. చట్టం గడువు 1801 మార్చి 3, అంటే కొత్త ప్రెసిడెంట్ రావడానికి ముందురోజు. మనం ఓడితే మన మీద వాడకూడదు కదా.

గోళీసోడా
డ్రాఫ్ట్ రాసినవాడెవడో గానీ తెలివైనవాడు.

వకీలు_నంద్యాల
ఆ చట్టం కింద మొదట శిక్ష పడింది లయన్‌కే. తనని విమర్శించిన ఒక వెర్మాంట్ పేపరుకి జవాబుగా ఉత్తరం రాశాడు. ప్రెసిడెంట్‌కి ఆడంబరం మీద, పొగడ్తల మీద తీరని దాహమని అందులో అన్నాడు. ఉత్తరం రాసింది జూన్‌లో, చట్టం రాకముందు. అచ్చయింది తర్వాత. దానికి తోడు ఆడమ్స్‌ని పిచ్చాసుపత్రికి పంపాలన్న అర్థమొచ్చే ఇంకొకరి ఉత్తరాన్ని సభల్లో చదివి వినిపించి, అచ్చు వేయించాడన్నది ఇంకో ఆరోపణ.

1798 అక్టోబర్‌లో రట్లాండ్‌లో విచారణ. జడ్జి విలియం పాటర్సన్, సుప్రీంకోర్టు న్యాయమూర్తి, రాజ్యాంగం మీద సంతకం చేసినవాళ్లలో ఒకరు. లయన్ తన కేసు చాలావరకు తనే వాదించుకున్నాడు. ఈ చట్టం రాజ్యాంగానికి విరుద్ధం అన్నాడు. ఆ సంగతి మీకనవసరం అని జడ్జి జ్యూరీకి చెప్పారు. రాసింది నిజమని రుజువు చేస్తే చట్టంలో మాఫీ ఉంది కాబట్టి, లయన్ జడ్జినే అడిగాడు: మీరు ప్రెసిడెంట్‌తో కలిసి భోజనం చేశారు కదా, అక్కడ ఆడంబరం చూడలేదా? పాటర్సన్ చూడలేదన్నారు, అక్కడంతా నిరాడంబరంగానే ఉంటుందన్నారు. మా వకీళ్లలో ఎవరైనా బెంచి మీదున్నాయన్ని అలా సాక్షిగా మలుచుకోబోతే ఆ రోజే కోటు విప్పించేస్తారు.

శిక్ష నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా, ఖర్చులు 60.96 డాలర్లు.

కృష్ణలంక_కుర్రాడు
సిట్టింగ్ సభ్యుడినా! ప్రతిపక్షం వాడు ప్రెసిడెంట్‌ని తిట్టాడని?

వకీలు_నంద్యాల
అవును. మనకి కొత్తేం కాదు. బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని 1908లో ఇదే రాజద్రోహం కింద జైలుకి పంపారు. అక్కడ తెల్లదొరల ప్రభుత్వం, ఇక్కడ స్వాతంత్ర్యం తెచ్చుకుని పట్టుమని పాతికేళ్లు కాని ప్రభుత్వం. తేడా అంతే.

నిజం_చేదు
అంతేనా? గాడిచర్లగారు పరాయి పాలన మీద రాశారు. లయన్ తనకు ఓటేసినవాళ్ల ముందు సొంత ప్రెసిడెంట్‌ని పిచ్చాసుపత్రికి పంపాలన్న ఉత్తరం చదివాడు. రెండూ ఒకే తూకం వెయ్యకండి.

వకీలు_నంద్యాల
@నిజం_చేదు సొంత పాలకుణ్ని అనే హక్కు లేకపోతే ఇక ఎవర్నంటాం?

ఫిల్లీ_పద్మ
జైలు ఎక్కడ? వెర్మాంట్‌లో అక్టోబర్ అంటే చలి మొదలు.

బర్లింగ్టన్_చలి
చలి గురించి నన్నడగండి. రట్లాండ్‌లో కాదు, ఉత్తరాన నలభై మైళ్లకు పైగా దూరంలో వర్జెన్స్‌కి తీసుకెళ్లారు. గది పదహారడుగులు, పన్నెండడుగులు. ఒక మూల మరుగుదొడ్డి, ఆ కంపు. కిటికీకి ఇనప ఊచలే, అద్దం లేదు. మొదట్లో నిప్పు కూడా లేదు. ఆయనే ఉత్తరాల్లో రాశాడు, ఆ ఉత్తరాలు బయట అచ్చయ్యాయి. ఆడమ్స్ పార్టీ కొరివితో తల గోక్కుంది.

ఎందుకంటే ఎన్నికలొచ్చాయి. మొదటి విడతలో ఎవరికీ సగం దాటలేదు. డిసెంబర్‌లో మళ్లీ పెడితే, జైల్లో ఉన్న లయన్‌కి 4,576 ఓట్లు, వెనకున్నాయనకి 2,444.

కృష్ణలంక_కుర్రాడు
1977లో జార్జ్ ఫెర్నాండెజ్ జైల్లోంచే ముజఫర్‌పూర్ గెలిచాడు. దానికి దాదాపు 180 ఏళ్ల ముందే అన్నమాట.

రెండోకాఫీ
మన చట్టం ప్రకారమైతే లయన్ సీటు పోయేదా? రెండేళ్లు పడితేనే కదా అనర్హత?

వకీలు_నంద్యాల
మామూలుగా రెండేళ్లు, ఆ పైన పడితే సీటు పోతుంది. కొన్ని నేరాలకి ఆ లెక్క కూడా లేదు. నాలుగు నెలలు కాబట్టి ఆ లెక్కన ఈయన సీటు నిలిచేదే. కానీ మన సభల్లో బహిష్కరణకి మామూలు మెజారిటీ చాలు. 2005లో ప్రశ్నలకు డబ్బులు కేసులో అలాగే పంపేశారు. ఆ 52-44 మన పార్లమెంటులో పడుంటే లయన్ ఇంటికెళ్లేవాడు.

పాతకాగితం
జరిమానా కథ కూడా వినాలి. డబ్బు కోసం లాటరీ పెట్టారు. ఆ లాటరీ ప్రకటన అచ్చేసినందుకు బెన్నింగ్టన్ ప్రింటర్ ఆంథొనీ హాస్వెల్ మీద అదే చట్టం కింద కేసు పెట్టి, అతనికి రెండు నెలలు జైలు, 200 డాలర్లు వేశారు. క్షమాభిక్ష పెట్టమని వేలమంది సంతకాలతో అర్జీ వెళ్తే, అందులో లయన్ సంతకం ఉందా అని ఆడమ్స్ అడిగాడు. లేదు. అయితే కుదరదన్నాడు.

1799 ఫిబ్రవరి 9న గడువు తీరింది. వర్జీనియా సెనేటర్ స్టీవెన్స్ థామ్సన్ మేసన్, ఇంకొందరు డబ్బు కట్టారు. గుమ్మం దాటుతూనే లయన్ "నేను ఫిలడెల్ఫియా వెళ్తున్నా" అని అరిచాడు.

రెండోకాఫీ
అంత గట్టిగా చెప్పాల్సిన అవసరమేంటి?

వకీలు_నంద్యాల
సభకి వెళ్లే దారిలో ఉన్న సభ్యుణ్ని అరెస్టు చెయ్యకూడదని రాజ్యాంగంలో ఉంది, పెద్ద నేరాలు తప్పిస్తే. మళ్లీ ఏదో వారెంట్ తీస్తారని భయం. ఒక్క కేకతో అడ్డుకట్ట. ఈ మనిషి ప్లీడరై ఉంటే మా పొట్టలు కొట్టేవాడు.

పాతకాగితం
సభకి వెళ్లాక శిక్ష పడ్డవాడని మళ్లీ బహిష్కరణ పెట్టారు. 49-45. మళ్లీ రెండొంతులు రాలేదు.

హెచ్1_హనుమంతు
ఒక డౌట్. 1798లోనే సిటిజన్‌షిప్‌కి గడువు పెంచారంటారు, నిజమేనా?

పాతకాగితం
నిజం. ఐదేళ్లున్నది పద్నాలుగేళ్లు చేశారు. కొత్తగా వచ్చే ఐరిష్‌వాళ్లు, ఫ్రెంచివాళ్లు జెఫర్సన్‌కి ఓటేస్తున్నారని భయం. లయన్‌లాంటివాళ్లు ఇంకా వస్తారని భయం. 1802లో తిరిగి ఐదేళ్లయింది, ఇప్పుడు మనకున్నది అదే. ఆ మూటలోదే శత్రుదేశీయుల చట్టం ఒకటి ఇప్పటికీ బతికే ఉంది.

హెచ్1_హనుమంతు
గ్రీన్‌కార్డ్ వచ్చాక కదా ఐదేళ్లు. ముందు అది రానివ్వండి.

మోడరేటర్_ముత్యం
వీసా కష్టాలకి వేరే చర్చ ఉంది, 400 పోస్టులు దాటింది. ఇక్కడ లయన్.

కృష్ణలంక_కుర్రాడు
లయన్ ఓటుతోనే జెఫర్సన్ ప్రెసిడెంట్ అయ్యాడని ఎక్కడో చదివా.

బర్లింగ్టన్_చలి
అయ్యాడు మరి! 1800 ఎన్నికలో జెఫర్సన్‌కి, ఆయన పార్టీవాడే అయిన ఆరన్ బర్‌కి చెరి 73 ఎలక్టోరల్ ఓట్లు. తేల్చాల్సింది ప్రతినిధుల సభ, రాష్ట్రానికో ఓటు. పదహారు రాష్ట్రాల్లో తొమ్మిది కావాలి. జెఫర్సన్‌కి ఎనిమిది. వెర్మాంట్‌కి ఇద్దరే సభ్యులు, లయన్ ఇటు, లూయిస్ మోరిస్ అటు, కాబట్టి మా రాష్ట్రం ఓటు ఖాళీ. 1801 ఫిబ్రవరి 17న 36వ సారి ఓటింగ్‌లో మోరిస్ పక్కకి తప్పుకున్నాడు. లయన్ ఒక్కడే మిగిలాడు. వెర్మాంట్ జెఫర్సన్‌కి పడింది.

నిజం_చేదు
చక్రం తిప్పింది లయన్ కాదు, డెలావేర్ ఫెడరలిస్ట్ బేయర్డ్. అతను దిగొస్తేనే మోరిస్ తప్పుకున్నాడు, మేరీల్యాండ్ ఫెడరలిస్టులు ఖాళీ చీటీలు వేశారు. లయన్ మొదటిసారి వేసిన ఓటే 36వ సారీ వేశాడు. దానికి ఇంత డప్పా?

బర్లింగ్టన్_చలి
@నిజం_చేదు 36 సార్లు జారిపోకుండా అదే ఓటు వేయడం మన ఎమ్మెల్యేలకి చేతనవుతుందా చెప్పు. రిసార్టుకి కూడా తీసుకెళ్లలేదు ఎవరూ.

గోళీసోడా
హహ. ఇది పాయింట్.

డల్లాస్_నాన్న
తర్వాత మంత్రి పదవి ఏమైనా ఇచ్చారా?

పాతకాగితం
లేదు. 1801లో మకాం కెంటకీకి మార్చేశాడు, కంబర్లాండ్ నది ఒడ్డున ఎడ్డీవిల్. కొత్త ఊరు, కొత్త ఓటర్లు, పాత అలవాటు. 1802లో కెంటకీ రాష్ట్ర సభలో, 1803 నుంచి 1811 దాకా మళ్లీ కాంగ్రెస్‌లో. జెఫర్సన్ 1807లో విదేశీ వర్తకం మీద ఆంక్ష పెడితే సొంత పార్టీ అని చూడకుండా ఎదిరించాడు. 1810లో ఓడాడు. 1812 యుద్ధంలో ప్రభుత్వానికి పడవలు కట్టే పని పెట్టుకుని దివాలా తీశాడు.

నిజం_చేదు
సభలో ఉంటూనే టపా మోసే కాంట్రాక్టులు తీసుకున్నాడని వర్జీనియా సభ్యుడు జాన్ రాండాల్ఫ్ సభలోనే దుమ్మెత్తిపోశాడు. అది కూడా రాయించండి మీవాడితో.

పాతకాగితం
రాయొచ్చు. 1820లో ప్రెసిడెంట్ మన్రో, ఆర్కాన్సా టెరిటరీలో చెరొకీలతో వర్తకం చూసే ప్రభుత్వ ఉద్యోగం ఇచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, దివాలా తీసి అంతదూరం పోయాక కుదురుగా ఉండాలి కదా. అక్కణ్నుంచి కూడా కాంగ్రెస్ డెలిగేట్‌గా పోటీ చేశాడు! కొద్ది ఓట్లతో ఓడి, ఫలితం చెల్లదని మళ్లీ గొడవ పెట్టాడు. గెలిచుంటే మూడు చోట్ల నుంచి కాంగ్రెస్‌కి వెళ్లినవాడయ్యేవాడు. 1822 ఆగస్టు 1న స్పాడ్రా బ్లఫ్‌లో పోయాడు. కొడుకు చిట్టెండెన్ లయన్ తర్వాత కెంటకీ నుంచి కాంగ్రెస్‌కి వెళ్లాడు. అక్కడి లయన్ కౌంటీ పేరు ఆ కొడుకుదే, తండ్రిది కాదు.

గోళీసోడా
వారసత్వ రాజకీయం అక్కడా మొదలెట్టేశారన్నమాట.

వకీలు_నంద్యాల
ఒకటి వదిలేశారు. ఆ జరిమానా తిరిగొచ్చింది. 1840 జులై 4న కాంగ్రెస్ చట్టం చేసి 1,060.96 డాలర్లు, 1799 ఫిబ్రవరి నుంచి వడ్డీతో సహా వారసులకి ఇచ్చింది. 1964లో అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ టైమ్స్ మీద సలివాన్ అనే అధికారి వేసిన పరువు నష్టం కేసులో, రాజద్రోహ చట్టం తన ముందుకి ఎప్పుడూ రాకపోయినా చరిత్రలో ఓడిపోయిందని చెప్తూ ఈ తిరిగి చెల్లింపునీ ఉదాహరించింది. ఆ సలివాన్ తీర్పుని మన సుప్రీంకోర్టులో 1994లో తమిళనాడు హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ కేసులో చర్చించింది ఎవరో తెలుసా? జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసినవారే. పదవిలో ఉన్నవాళ్లు తమ అధికారిక పనుల మీద వచ్చిన రాతలకి పరువు నష్టం అంటూ తేలిగ్గా పరిహారం అడగలేరని అందులో రాశారు.

రెండోకాఫీ
నలభై ఒక్క ఏళ్ల వడ్డీ! ఎంత శాతం?

వకీలు_నంద్యాల
శాతం తర్వాత. బతికుండగా లయన్ అడిగితే పైసా విదల్చలేదు, అది చూడండి.

నిజం_చేదు
వడ్డీ సంగతి నాకొద్దు. గ్రిస్‌వోల్డ్ తర్వాత కనెక్టికట్ గవర్నర్ అయ్యాడు. ఆయన మొహం తుడుచుకున్న రుమాలు ఖర్చు ఎవరిచ్చారు?

గోళీసోడా
దానికి కూడా ఒక బిల్లు పెట్టమను. రెండొంతులు రావాలి కానీ.